అరగంట వినడానికి పదకొండు సెకన్లు

సొంత వేగంతో ఎదిగే పద్ధతిని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ప్రతి కాలేజీ ఆవరణలోనూ ఆయనకో కంచు విగ్రహం పెట్టించాలి! ఆ విగ్రహానికి గడువు మాత్రం పెట్టకూడదు. కాలు ఒక ఏడాది, చెయ్యి ఇంకో ఏడాది, ముక్కు శిల్పికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు. ఆయన ఆత్మకు అదే అసలైన నివాళి.

నవ్వకండి. నేను ఆ పద్ధతిలో ఎదిగినవాణ్ణి. ధ్రువపత్రం ఉంది. దానికి చెక్క ఫ్రేము కూడా ఉంది.

ఇంకా అర్హతలు కావాలా? నాకు పెళ్లయి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు. మేరెన్ నా భార్య. (ఈ వాక్యం అచ్చులో చూసుకోవడానికే ఇది రాస్తున్నానేమోనని నాకే అనుమానం. ఇంకోసారి రాస్తాను: మేరెన్ నా భార్య.) మా ఇంట్లో రెండు టూత్‌బ్రష్‌లు ఒకే గ్లాసులో ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిద్రపోతాయి. పెళ్లి కానుకలుగా మూడు వాఫుల్ యంత్రాలు, అంటే గళ్లగళ్ల తియ్యటట్లు కాల్చేవి, వచ్చాయి. నేను మూడింటినీ సమానంగా ప్రేమిస్తున్నాను. ఇంత సుఖంగా ఉన్నవాడు అబద్ధం ఎందుకు చెబుతాడు?

అయితే మొన్న శనివారం నా భార్య ఈ పద్ధతి మీదే అనుమానం వెలిబుచ్చింది. దాంతో ఆరేళ్ల కిందటి ఒక స్నేహితుడు నాకు మిగిలాడో, చేజారిపోయాడో తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఈ సమర్థన.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మా కాలేజీ వెనక వీధిలో ఒక ఎర్ర ఇటుకల ఇల్లు. అందులో నలభై ముగ్గురు కుర్రాళ్లం. అదే మా ఫ్రాటర్నిటీ, అంటే విద్యార్థుల సోదర సంఘం. ఒకరినొకరం సోదరా అని పిలుచుకునేవాళ్లం, ఒకరి షాంపూ ఒకరం దొంగిలించేవాళ్లం. మా ముందుతరాల్లో కొత్తగా చేరినవాణ్ణి ఎనిమిది వారాలు ఏడిపించి, ఇక నువ్వు మా సోదరుడివి పొమ్మనేవారట. ఆ దుర్మార్గం మాన్పించి, సంఘం కేంద్ర కార్యాలయం వాళ్లు వ్యక్తిత్వ వికాస కార్యక్రమం పెట్టారు. మంచి పని చేశారు. ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకం, అందులో నలభై అభ్యాసాలు. ఒక్కొక్కటీ పూర్తి చేయాలి, చేసినట్టు ఇంకో సోదరుడితో సంతకం పెట్టించుకోవాలి. అంతే! గడువు లేదు. పరీక్ష లేదు. వెంటపడేవాడు లేడు. అట్ట మీద బంగారు అక్షరాలతో 'నీ ఎదుగుదల, నీ వేగం' అని ఉంటుంది.

ఎంత మర్యాద! మా అమ్మ కూడా ఎన్నడూ నాతో ఇంత మర్యాదగా మాట్లాడలేదు.

మొదటి అభ్యాసం, ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కోవడం. పది వారాలు నా వేగంతో ఆలోచించి, పదకొండో వారం యంత్రంలో బట్టలు వేసి మీట నొక్కాను. చోటుంది కదా అని మా అంతస్తు కుర్రాళ్లు తమవీ పడేశారు. నా ఎర్ర మేజోడు ఒకటి లోపలే ఉందనీ, ఆ సెమిస్టరు మిగిలినన్నాళ్లూ తొమ్మిదిమంది యువకులు లేత గులాబీ బనీన్లలో తిరిగారనీ రాసుకోవడానికి పుస్తకంలో గడి లేదు. అభ్యాసం పూర్తి!

పౌష్టికాహారం? పిజ్జా మీద టమాటా ముక్క వేసుకున్నాను. పదిమంది ముందు ధైర్యంగా మాట్లాడటం? కారు దిగకుండానే కొనుక్కునే దుకాణం దగ్గర కిటికీలోంచి ఇరవై మందికి బర్గర్లు చెప్పాను, ఎవరికి ఉల్లిపాయ వద్దో కూడా తడబడకుండా. వెనక నాలుగు కార్లు హారన్లు కొట్టాయి. చప్పట్లనుకున్నాను. పెద్దలతో పరిచయం పెంచుకోవడం? మరుగుదొడ్డి తలుపు దగ్గర డీన్ గారు ఎదురైతే చెయ్యి కలిపాను. ఆయన చెయ్యి ఇంకా తడిగానే ఉంది. ఆ పరిచయాన్ని నేను మరిచిపోలేదు.

మరి సంతకాలో? అది చూసి తీరాల్సిన ముచ్చట. ఆదివారం సాయంత్రం సమావేశానికి ముందు అందరం పొడవాటి భోజనబల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. నా పుస్తకం నా ఎడమ పక్కవాడికి తోసేవాణ్ణి. వాడు చూడకుండా ఒక సంతకం గీకి తన ఎడమకు తోసేవాడు. పుస్తకం బల్లంతా తిరిగి నా కుడివైపు నుంచి వచ్చేసరికి నాలో ఆరేడు సుగుణాలు పెరిగి ఉండేవి! ఉడికించిన మొక్కజొన్న గిన్నె కూడా ఆ బల్ల మీద అంత వేగంగా తిరిగేది కాదు.

ఈ బంగారు వ్యవస్థకు మా ఇంట్లో ఒక్కరే శత్రువు. ఆవిడ మా హౌస్ మదర్, శ్రీమతి హాల్వర్సన్. కింది గదిలో ఉంటూ మా అందరి మంచిచెడ్డలు చూసే డెబ్భై ఏళ్ల మనిషి. పదకొండో అభ్యాసం, అంటే బల్ల దగ్గర మర్యాదలు, పొరపాటున ఆవిడ చేతిలో పెట్టారు. సొంత వేగం అన్న మాట ఆవిడకు అర్థమే కాలేదు. సోమవారం ఆరు గంటలకల్లా నా కుర్చీ వెనక నిలబడేది.

"మోచేతులు నాన్నా, మోచేతులు. బల్ల ఎక్కడికీ పారిపోదు, అలా పట్టుకోనక్కర్లేదు."

"మీరే అన్నారుగా, నిటారుగా కూర్చోమని!"

"కూర్చోమన్నాను, మాట్లాడమనలేదు. ఆ పక్కవాడికి బంగాళదుంపలు అందాయా? చూశావా? నీ పళ్లెం నిండితే లోకమంతా నిండినట్టేనా?"

ఏడు సోమవారాలు! ఎనిమిదో సోమవారం గానీ సంతకం పెట్టలేదు. ఇప్పటికీ ఎవరింటికెళ్లినా పక్కవాడి పళ్లెం చూడందే నా చెయ్యి గరిటె మీదికి వెళ్లదు. నలభై అభ్యాసాల్లో ఇలా ఒంటికి పట్టింది ఇదొక్కటే. నిరంకుశత్వం మనిషిని ఎంత పాడు చేస్తుందో చూడండి!

మిగతా ముప్పై తొమ్మిదీ నా వేగంతో, నా స్వేచ్ఛతో, ఏ బాధా లేకుండా అయిపోయాయి. పట్టా పుచ్చుకున్న ఏడాది విందులో నాకు ధ్రువపత్రం ఇచ్చి భుజం తట్టారు. మేరెన్‌ను రెండోసారి కలిసినప్పుడు ఏమాత్రం సిగ్గు లేకుండా చెప్పాను, "ఎదుటివాళ్లు చెప్పేది వినడంలో నేను శిక్షణ పొందాను" అని. ఆమె కళ్లు మెరిశాయి. తర్వాత అరగంట నేను ఆ శిక్షణ గురించే మాట్లాడాను.

ఇక మొన్నటి శనివారం. పొద్దున్న. మేరెన్ ఆఖరి అట్టపెట్టె విప్పుతోంది, నేను వాఫుల్ పిండి కలుపుతున్నాను. ఆమె ముక్కు మీద పిండి ఎలా అంటిందో నాకు తెలియదు గానీ, అలా అంటిన ముక్కు ఒకటి మా ఇంట్లోనే ఉండటం నా అదృష్టం.

"ఇదేంటి?" అంది, ఆకుపచ్చ పుస్తకం ఎత్తి చూపిస్తూ.

"నా ఎదుగుదల."

"ఇంత పల్చగా ఉందే!" పేజీలు తిప్పింది. "పద్నాలుగు. మూడు వంటకాలు స్వయంగా చేయడం. నీకు మూడు వంటకాలు వచ్చా ఎమెట్?"

"ఎందుకు రావు? టోస్ట్. వెన్న రాసిన టోస్ట్."

"మూడోది?"

"జామ్."

"జామ్ చేశావా?"

"మూత తీశాను."

నేలమీద కూలబడి నవ్వింది. నాకు భలే సంతోషమేసింది. నలభై ఒక్క రోజుల్లో ఇది నా రెండో అతిపెద్ద విజయం.

"ఇరవై రెండు. చేసిన తప్పు ఒప్పుకోవడం. మహానుభావా, మొన్న కారు తీసుకెళ్లి షెడ్డు తలుపుకి గుద్ది, తలుపే ముందుకొచ్చిందన్నది ఎవరు?"

"అది కొంచెం ఒరిగి ఉంది బంగారం, నువ్వు సరిగ్గా చూడలేదు."

"ఇరవై ఏడు. ఒక సోదరుడి కష్టాన్ని అరగంటసేపు మధ్యలో మాట్లాడకుండా వినడం." ఆమె నవ్వు ఇంకా ఆగలేదు. "క్లేటన్ అని సంతకం ఉంది. ఏం చెప్పాడు?"

"ఎవరు?"

"క్లేటనే. ఆ అరగంటలో ఏం చెప్పాడు?"

నేను పిండి చాలా శ్రద్ధగా కలిపాను.

మా ఇంట్లో ప్రతి కొత్తవాడికీ ఏడాది పెద్దవాడైన ఒక సోదరుణ్ణి అన్నగా కేటాయించేవారు. నా అన్న క్లేటన్. పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో వాళ్ల నాన్నకు మొక్కజొన్న పొలం ఉంది. నాకు టై కట్టుకోవడం నేర్పింది అతనే. నా గులాబీ బట్టలు చూసి నవ్వకుండా తన తెల్ల చొక్కా తెచ్చి ఇచ్చింది అతనే. నా రెండో ఏడాది అక్టోబరులో, ఒక మధ్యాహ్నం నేను వీడియో గేమ్‌లో పదహారో దశలో ఉండగా వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు.

"ఓ అరగంట ఉందా తమ్ముడూ?"

"ఇరవై ఏడోదా? ఇటు తే, గీకేస్తా. నాదీ ఖాళీగానే ఉంది, బల్ల మీదుంది చూడు, నువ్వూ గీకెయ్."

తెర మీద నుంచి చూపు తిప్పలేదు నేను. అతను తన పుస్తకం తేనేలేదని ఓరకంట కనబడింది. నా పుస్తకం అందుకున్నాడు. పెన్ను మూత తీసి కాస్సేపు పట్టుకున్నాడు. సంతకం పెట్టాడు. తను కూర్చున్నచోట నలిగిన దుప్పటి సరిచేసి వెళ్లిపోయాడు.

పదకొండు సెకన్లు! పుస్తకం అరగంట అడిగింది, మేము పదకొండు సెకన్లలో ముగించాం. ఇంతటి సామర్థ్యం ఏ పాతకాలపు పద్ధతిలో చూశారు? నా ఆట ఆగనైనా లేదు.

రెండు వారాల తర్వాత గానీ అతని గది ఖాళీగా ఉందని మేము గమనించలేదు. వేరే కాలేజీకి మారి ఉంటాడని బల్ల దగ్గర ఎవరో అన్నారు. సరే అనుకున్నాం. బంగాళదుంపలు ఇటు తోయమన్నాం.

ఇదంతా చెప్పాక మేరెన్ నవ్వలేదు. పుస్తకం మూసి, గట్టు మీద పెట్టింది.

"ఆరేళ్లలో ఒక్కసారైనా అడిగావా?"

"గడువు లేదు కదా! సరైన సమయం కోసం చూస్తున్నా. నా వేగంతో..."

"నాకు గడువుంది," అంది, యంత్రంలో పిండి పోసి మూత వేస్తూ. "ఈ వాఫుల్ కాలేలోపు ఫోన్ చెయ్యి."

నంబరు వెతకడం కష్టం కాలేదు. ఫ్రాటర్నిటీ జాబితాలోని చిరునామాలన్నిటికీ శుభలేఖలు పంపాం, మా మూడో వాఫుల్ యంత్రం పంపింది క్లేటనే. పెళ్లికి రాలేనని రాసిన చీటీలో అడుగున నంబరు ఉంది. అది ఎందుకు రాసి ఉంటాడో, ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు.

"ఎవరూ?"

"నేనన్నా... ఎమెట్‌ని."

"ఓరి నీ! పెళ్లికొడుకా! ఏంటి, యంత్రం పాడైందా? రసీదు పారేశాన్రా, తిరిగి తీసుకోరు."

"బాగా పనిచేస్తోంది. అది కాదన్నా. నువ్వు ఆ అక్టోబరులో నా గదికొచ్చి, అరగంట ఉందా అన్నావు చూడు... ఉంది. ఇప్పుడుంది."

అవతల ట్రాక్టర్ చప్పుడేదో వినిపిస్తూ ఉన్నదల్లా ఆగిపోయింది.

"ఆరేళ్లకి ఖాళీ దొరికిందట్రా నీకు?"

"దొరికింది."

"ఇప్పుడు మళ్లీ సంతకం కావాలా?"

"వద్దన్నా."

నేను నోరు తెరిచాను. మేరెన్ అందులో వాఫుల్ ముక్క పెట్టింది.

అప్పుడు చెప్పాడు. ఆ వారం వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చిందట. పంట కోతకొచ్చి ఉంది, ఇంట్లో అమ్మ ఒక్కతే. చదువు మానేసి వెళ్లాలని అప్పటికే నిర్ణయించుకున్నాడట.

"నన్ను ఆపమని రాలేదురా. నువ్వేం ఆపుతావు? వెళ్తున్నానని ఒక్కడికైనా చెప్పి వెళ్దామనిపించింది. అంతే. ఇంటినిండా సోదరులే, ఎవడి గదికెళ్లినా ఇలాగే పుస్తకం చేతికిస్తాడని భయమేసింది. ఇంకెవడికీ చెప్పలా. దారంతా కారులో నాకు నేనే చెప్పుకుంటూ పోయాను."

నేను మొత్తం నాలుగుసార్లు నోరు తెరిచాను. ఒకసారి సలహా ఇవ్వడానికి, మూడుసార్లు నా తప్పేం లేదని చెప్పడానికి. నాలుగుసార్లూ వాఫుల్ తిన్నాను. వాళ్ల నాన్న గురించి చెప్పాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తూ, ట్రాక్టర్ నువ్వు నడిపేది తప్పని రోజూ కేకలేస్తాడట. చెబుతూ క్లేటన్ నవ్వాడు. మధ్యలో ఒకసారి ఆ నవ్వు ఆగింది. అప్పుడు కూడా నేనేమీ మాట్లాడలేదు. నా నోట్లో వాఫుల్ లేదు, అయినా మాట్లాడలేదు. యాభై రెండు నిమిషాలని పెట్టేశాక ఫోనే చెప్పింది.

"సరేగానీ, నీ సంగతులు చెప్పు," అన్నాడు చివర్లో.

"మేరెన్ నా భార్య," అన్నాను.

"అది కార్డులో చదివాన్రా సన్నాసీ!"

కాబట్టి పాఠకులారా, నా వాదనలో మార్పేమీ లేదు. సొంత వేగం గొప్ప వరం! ఎవరి బట్టలు వాళ్లు ఉతుక్కోవడానికి, టై ముడి నేర్చుకోవడానికి అంతకు మించింది లేదు. చిన్న చిక్కల్లా ఒక్కటే. మన మంచం అంచున వచ్చి కూర్చున్నవాడి వేగం మాత్రం ఎవరూ ఏ గడిలోనూ రాయలేదు. దానికి శ్రీమతి హాల్వర్సన్ లాంటి మనిషెవరైనా కుర్చీ వెనక నిలబడి, పక్కవాడి పళ్లెం చూశావా అని అడగాలి. ఏడు సోమవారాలైనా సరే.

ఆ ఆదివారాల్లో బల్ల చుట్టూ తిరిగిన పుస్తకాల్లో ఇరవై ఏడో అభ్యాసం కింద నేనూ సంతకాలు గీకాను. కనీసం పద్దెనిమిది ఉంటాయి. అందులో ఎవడికి నిజంగా ఆ అరగంట అవసరమైందో నాకు తెలియదు. అందుకని రోజుకొకరి చొప్పున ఫోన్ చేస్తున్నాను. ఇద్దరు చాలాసేపు మాట్లాడారు. ఒకడి నంబరు మారిపోయింది. నిన్న, ఆ బల్ల దగ్గర నా ఎడమ పక్కన కూర్చునే వెస్లీకి చేశాను, ఎత్తలేదు. 'ఓ అరగంట ఉందా, నువ్వెలా ఉన్నావో వినాలని ఉంది' అని సందేశం పెట్టాను.

నిమిషంలో జవాబొచ్చింది: 'ఇప్పుడు కుదరదు బ్రో. ఏదైనా సంతకం కావాలా? పంపెయ్, పెట్టేస్తా.'