బండి పైనుండాది

మైదుకూరులో కర్నూలు రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే లేవి, ఆ శనివారం పొద్దున తన చైన్ బ్లాకును సర్వీసు చేసుకోవాలనుకున్నాడు. షెడ్డు ముందు దూలానికి వేలాడే ఆ గొలుసుల యంత్రంతోనే అతను ఇంజన్లు ఎత్తి దించేది. కొన్నాళ్లుగా అది ఎత్తిన బరువును నిలబెట్టడం లేదు. గొలుసు వదిలితే చాలు, ఇంజను మెల్లగా కిందికి జారుతోంది. విప్పి చూస్తే లోపల బ్రేకు బిళ్లలకు జిగటగా గ్రీజు పట్టి ఉంది. మెత్తగా తిరుగుతుందని కిందటేడు పూసింది తనే. లేవి ఎవరూ చూడకుండా తుడిచేసి, పెట్రోలుతో కడిగి, బలం కొద్దీ బిగించి మళ్లీ దూలానికి తగిలించాడు. ఇక ఏదైనా బరువు ఎత్తి చూడడమే మిగిలింది.

అప్పుడే అతని బామ్మర్ది జోసెఫ్ కడప నుంచి కొత్త మోటారు సైకిలు మీద వచ్చాడు. బనగానపల్లెలో పిల్లను చూడబోతూ, దారిలో అక్క విశ్వాసమ్మ చేతి ఉగ్గాని తిని పోదామని ఆగాడు. బండికి కట్టిన పూలదండ ఇంకా వాడిపోలేదు. జోసెఫ్ షెడ్డు వెనక ఇంట్లోకి పోగానే లేవి బండికి బెల్టులు చుట్టి, కొక్కేనికి తగిలించి, గొలుసు లాగాడు. బండి సాఫీగా పైకెక్కింది. మనిషెత్తు దాటాక గొలుసు వదిలాడు. వెంట్రుకవాసి జారలేదు. మురిసిపోయి, దించడానికి రెండో వైపు గొలుసు లాగాడు. అప్పుడూ వెంట్రుకవాసి జారలేదు.

బిగింపు ఎక్కువై బ్రేకు పట్టేసింది. బరువు వేలాడుతుండగా విప్పితే బండీ లేవీ ఒకేసారి నేల చేరతారు.

జోసెఫ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, బండి కోసం ముందు కిందంతా వెతికాడు. చివరికి అది పైన కనిపించింది.

"బావా, అది నాదేనా?"

"నీదే. దించుతా."

"వాళ్లు నాకోసం కాసుకొని ఉండారు బావా."

"బండి యాడికీ పోదులే," అన్నాడు లేవి.

బస్సులో పొమ్మంటే జోసెఫ్ ఒప్పుకోలేదు. కొత్త బండి మీద వస్తానని ఆ ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాడు. ఇంతలో పిల్ల తండ్రి లాజరు ఫోను చేసి, యాడుండావని అడిగాడు. "బండి పైనుండాది మామా," అని జోసెఫ్ ఉన్నమాటే చెప్పాడు. కానీ చివరి అక్షరం లారీ హారనులో కలిసిపోయింది. లాజరుకు వినిపించింది "బండి పైనుండా" అని. బండి నడుపుతూ ఫోనెత్తుతారా అని చీవాట్లు పెట్టి, ఇల్లు చేరేదాకా ఫోను ముట్టొద్దని చెప్పి పెట్టేశాడు.

చాలామంది కలిసి ఒక్క కుదుపు కుదిపితే తప్ప బ్రేకు వదలదని లేవికి తోచింది. రోడ్డున పోతున్న రబ్బానీ అనే దుప్పట్ల వ్యాపారి ఆగి, తలెత్తి, దండతో వేలాడుతున్న బండిని చూశాడు.

"ఎప్పుడు లాగుతావన్నా?"

"మనుషులు సాలరు. ఇంకో పదిమంది వస్తే లాగుతా."

"దుడ్లేమన్నా కట్టాల్నా?"

"దుడ్లెందుకప్పా, వచ్చి నిలబడితే సాలు. తెలిసినోళ్లుంటే పిల్సుకొని రా."

రబ్బానీకి తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. లేవి షెడ్డులో లక్కీ డ్రా లాగుతున్నారు, బహుమతి మోటారు సైకిలు, టిక్కెట్టు లేదు అన్న సంగతి కాసేపట్లో ఊరంతా పాకింది. పక్కనే టీ బంకు పెట్టుకున్న బీబమ్మ దగ్గర పాలు అయిపోయి, టీలోకి నీళ్లు ఎక్కువయ్యాయి. కర్నూలు బస్సు ఆగి, డ్రైవరుతో సహా జనం దిగారు. తన కష్టానికి ఇంతమంది వచ్చారని లేవికి కళ్లు చెమర్చాయి.

కానిస్టేబులు ఉమామహేశ్ వచ్చి, ఎవరి పర్మిషనుతో లాగుతున్నావని అడిగాడు. ఎత్తేటప్పుడు ఎవరినీ అడగలేదనీ, ఇప్పుడు మాత్రం బండి సొంతదారే లాగమంటున్నాడనీ లేవి నిజాయితీగా చెప్పాడు. కానిస్టేబులుకు అర్థం కాలేదు. ఏదో తొందరగా లాగి, రోడ్డు ఖాళీ చేయించమన్నాడు.

లేవి అందరినీ బండి కిందినుంచి జరిపి, అందినవాళ్లందరి చేతా గొలుసు పట్టించాడు. ఒక్క ఊపు ఊపారు. లోపల టక్కుమంది. ఆ తర్వాత లేవి గొలుసు లాగేకొద్దీ బండి బుద్ధిగా నేలకు దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. లేవి చేతులు జోడించి, ఇక పోయి రమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు.

"పేరు చదువన్నా," అన్నాడు రబ్బానీ.

"ఎవరి పేరు?"

"బండి ఎవరికొచ్చిందో వాళ్లది."

అప్పటికి గాని లేవికి సంగతి తలకెక్కలేదు. జోసెఫ్ గబగబా బండెక్కాడు. బహుమతిని ఎత్తుకుపోతున్నాడని జనం అడ్డం నిలబడ్డారు. ఉమామహేశ్ లేవిని పక్కకు పిలిచాడు.

"ఏదో ఒకటి ఇచ్చెయ్ లేవీ. వీళ్లు ఉత్తచేతుల్తో పోయేటట్టు లేరు."

లేవి చుట్టూ చూశాడు. షెడ్డులో జనం ముందు పెట్టదగ్గ వస్తువు ఒక్కటే ఉంది. బహుమతి బండి కాదనీ, బండిని ఎత్తిన యంత్రమనీ నీరసంగా ప్రకటించాడు. కొందరు గొణిగారు గాని, ఉచితంగా వచ్చేదాన్ని ఎవరూ వద్దనలేదు. జోసెఫ్ హెల్మెట్టులో చీటీలు వేశారు. కానిస్టేబులు కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. బీబమ్మ పేరు వచ్చింది.

హెల్మెట్టు చేతికి రాగానే జోసెఫ్ వెనక్కి చూడకుండా పోయాడు. బనగానపల్లె చేరేసరికి అన్నాలు చల్లారిపోయాయి. లాజరు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తలేదన్నాడు. జోసెఫ్ తల వంచుకున్నాడు. అంతలో లాజరే, చెప్పిన మాట వినే అల్లుడు దొరికాడని లోపలికి కేకేశాడు. పిల్ల జీవిత మాత్రం బండికి అంటిన నల్లటి చేతిముద్రలు చూసి, సంగతేమిటని విడిగా అడిగింది. జోసెఫ్ దాచకుండా చెప్పాడు. ఆమె నవ్వి నవ్వి, నవ్వుతూనే సరేనంది.

సాయంత్రం లేవి చైన్ బ్లాకును బతిమాలి తెచ్చుకుందామని టీ బంకు దగ్గరికి పోయాడు. బీబమ్మ దాని గొలుసులు బంకుకూ కరెంటు స్తంభానికీ మధ్య బిగించి కట్టి, ఇంటిల్లిపాది దుప్పట్లూ ఉతికి ఆరేసింది.

"తాడైతే తెగిపోతాంది నాయనా," అంది బీబమ్మ. "ఇది ఎంత బరువైనా మోస్తాదంట గదా. నీకు కావల్సినప్పుడు అడుగు, ఇస్తా."

ఇప్పుడు లేవి షెడ్డులో ఇంజను దిగాలంటే, ముందు బీబమ్మ దుప్పట్లు ఆరాలి.