ముందుగదిలో సగం నావ

అయినా నావ ముందు సగం తన ఇంటి ముందుగదిలో ఉండిపోవడమే క్షేమం, మొత్తం నావను ఒక్కసారే సాగనంపిన వాళ్లకి చివరికి ఏం మిగిలింది గనక, అని గరికిన ఎల్లాజీ టీవీ పక్కన ఆ నావ అంచు మీదే కూర్చుని టీ తాగుతూ అనుకున్నాడు. ఆ సమయానికి నావ వెనక సగం ఇంజనుతో, వలలతో, నలుగురు మనుషులతో ఒడ్డుకు కనపడనంత దూరాన వేటలో ఉంది. అక్కడ కెరటం లేచింది. ఇక్కడ గది ముందుకు వంగింది. ఎల్లాజీ గ్లాసును అలవాటుగా కాస్త వెనక్కి వంచి, చుక్క ఒలకకుండా టీ పూర్తి చేశాడు.

ఇందులో వింతేమీ లేదు. ఆ రేవులో వాయిదాల మీద అమ్మిన నావలన్నీ అలాగే చేతులు మారతాయి. కొన్నవాడు ఎంత మేరకు చెల్లిస్తే నావలో అంత మేర అతనితో వెళ్తుంది. మిగిలింది అమ్మినవాడి ఇంట్లో ఉంటుంది. రెండు ముక్కల మధ్య ఎంత దూరం ఉన్నా చట్టం దృష్టిలో అది ఒకటే నావ. సముద్రం కూడా చట్టాన్ని గౌరవించి దాన్ని ఒకటే నావగా తేలుస్తుంది. కాబట్టి వెనక సగానికి తగిలిన దెబ్బ ముందు సగానికీ తగులుతుంది, ముందు సగంలో పగులు పడితే వెనక సగంలోకీ నీళ్లొస్తాయి. పడిన చేప మాత్రం కొన్నవాడిదే. ఎల్లాజీ ముందుగదిలో అప్పుడప్పుడూ రెండు మూడు కానాగంత చేపలు ఎగిరి పడతాయి. వాటిని బకెట్లో వేసి కొన్నవాడి ఇంటికి పంపాలి. పగుళ్లు పూడ్చుకోవడం ఎవరి ముక్కకి వాళ్లదే బాధ్యత.

కొన్నవాడి పేరు కొర్లయ్య. చుట్టం కాదు. అయినా బేరానికి వచ్చిన రోజు గుమ్మంలోనే చెప్పులు విడిచి “మావా” అన్నాడు. మోకాళ్లు అరిగి వేట మానుకున్న మనిషికి ఆ పిలుపు ఎక్కడో తగిలింది. కొర్లయ్య పళ్లెంలో తమలపాకులు, కొబ్బరికాయ, సగం ధర పెట్టి అందించాడు. మిగతా సగం, వేట నుంచి దిగి చేప అమ్ముకున్నప్పుడల్లా కొంచెం కొంచెం ఇస్తానన్నాడు. కాగితం రాసుకుందామంటే తాంబూలాన్ని అవమానించినట్టే. పైగా ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీదున్న మనిషిని నావ అమ్మినవాడు బాకీ అడగకూడదు. అడిగితే వల ఖాళీగా లేస్తుంది. ఈ కట్టుబాటు కొర్లయ్యకీ తెలుసు. అందుకని అతను సముద్రం మీంచి దిగడం మానేశాడు. చేపను నీళ్ల మీదే వేరే నావలకు ఎక్కిస్తాడు. బియ్యం, డీజిలు, బీడీలు అక్కడికే తెప్పించుకుంటాడు. పెళ్లిచూపులు కూడా అక్కడే జరిగాయి. పిల్ల తరఫువాళ్లు ఇంకో నావలో వచ్చి, పక్కన కట్టి, మిఠాయి తిని, పిల్లను ఒప్పించి వెళ్లారు.

ఎల్లాజీ భార్య పైడమ్మ గ్యాసు సిలిండరును కిటికీ ఊచలకు గొలుసుతో కట్టింది. అన్నం గిన్నెకు తాడు వేసింది. చుట్టాలు ఎవరైనా వస్తే గుమ్మంలోనే తలా ఒక నిమ్మకాయ ఇచ్చి వాసన చూస్తూ కూర్చోమనేది. రానురాను చుట్టాలు తగ్గారు, నిమ్మకాయల ఖర్చూ తగ్గింది. ఎల్లాజీ మాత్రం పొద్దున్నే లేచి పగుళ్లలో దూది కూరి, తారు పూసి, చెక్కను అరచేత్తో నిమిరేవాడు.

“నావ అమ్మీసినావా, కొర్లయ్య కాడ ఉజ్జోగంలో సేరినావా?” అంది పైడమ్మ, జారిపోతున్న చాటను కాలితో ఆపుతూ.

“మన ముక్క మనవే సూసుకోవాల కదేటే.”

“మన ముక్కేటి? ఈ ఇంటికి నాను కోడలిగా ఒచ్చినాను గాని కళాసీగా రాలేదు. ఒచ్చే అమాసకి పోటెక్కువ. అప్పటికి ఈ ఇల్లు నిలకడగా లేదనుకో, మా అప్ప కాడికెల్లిపోతాను. నువ్వూ నీ నావా కాపరం సేసుకోండి.”

ఆమె మాట మీద నిలబడే మనిషి. ఎల్లాజీకి నిజంగానే భయం వేసింది. సరిగ్గా ఆ సాయంత్రమే కొర్లయ్య ఫోను చేశాడు.

“మావా, బాగున్నావా? ఇక్కడ గాలి శానా బాగుంది.”

బాకీ అడగకూడదు కాబట్టి ఎల్లాజీ చుట్టూ తిరిగి వచ్చాడు. “ఒడ్డుకెప్పుడొస్తావు అల్లుడా?”

“అడుగుతున్నావేటి మావా?” కొర్లయ్య గొంతు నొచ్చుకుంది.

“లేదురా, ఊరికినే.”

“సరే గాని, నీ ముక్కలో ఎడంపక్క పగులుంది సూడు. కుర్రోలు తడిసిపోతన్నారు. నావ ఇంకా నీ పేరునే ఉంది. ఆలకేటైనా అయితే మాట నీ మీదకే ఒస్తాది. నీ మంచికే సెప్తన్నాను.”

ఎల్లాజీ ఫోను పెట్టేసి, లుంగీ ఎగగట్టి, ఎడమవైపు పగులు వెతికాడు. పగులు ఉంది. దాన్ని పూడుస్తున్నంతసేపూ అతనికి కోపం రావలసింది. రాలేదు. కూనిరాగం వచ్చింది. అది అతనికే కొంచెం అనుమానంగా తోచింది.

మర్నాడు మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లాడు. హైమావతి గారని ఒక గుమస్తా ఆ పని చూస్తుంది. ఆవిడ తల ఎత్తకుండానే, “ముందు సగమా, వెనక సగమా?” అని అడిగింది.

“ముందు సగవండి. ఇంట్లో ఉండిపోయింది.”

“జప్తు కోరుతున్నారా? చేస్తాం. అయితే దొరికిన ముక్కనే జప్తు చేస్తాం. మీ ముక్క దొరుకుతోంది కదా. అదున్న గదికి కూడా సీలు వేస్తాం.”

“మరి ఆడి ముక్కో?”

“అది దొరకదు కదండీ. అన్నట్టు నావ హద్దు దాటినందుకు జరిమానాలున్నాయి. రిజిస్ట్రేషన్ మీ పేరునే ఉంది కాబట్టి వెళ్లేటప్పుడు కట్టేసి వెళ్లండి.” తర్వాత అతని ముఖం చూసి జాలిపడింది. “ఒక దారి ఉంది. వాయిదా మీకు ముట్టాలన్నదే నియమం. ఎవరివ్వాలన్నది నియమంలో లేదు. మీరే కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో పుచ్చుకోండి. బాకీ తీరినట్టే. నావ దాని మానాన అది వెళ్లిపోతుంది. మొన్న ఒకాయన ఇంట్లోంచి ట్రాక్టరు ముందు చక్రాలు అలాగే వెళ్లాయి.”

“నా డబ్బులు పోవాండి?”

“ఎక్కడికి పోతాయండీ, మీ చేతిలోనే ఉంటాయిగా?”

తిరిగి వస్తుంటే ఎల్లాజీకి కళ్లు తిరిగాయి. రోడ్డు ఎటూ ఊగడం లేదు. ఇలా కదలకుండా పడి ఉన్న నేల మీద జనం ఎలా నడుస్తారో అతనికి అర్థం కాలేదు. ఒక గోడ పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు, తను చాలాకాలంగా చూడకుండా దాటేస్తున్న సంగతి ఒకటి ఎదురుగా వచ్చి నిలబడింది. కొర్లయ్య కంటే ముందు ఒక వ్యాపారి వచ్చాడు. కాస్త తక్కువకే అయినా మొత్తం సొమ్ము ఒక్కసారే ఇస్తానన్నాడు. ధర చాలదని అతన్ని పంపేశానని పైడమ్మతో చెప్పాడు. ధర చాలింది. మొత్తం ఇస్తాననడమే నచ్చలేదు. బాకీ ఉన్నవాడు ఎంత దూరం పోయినా మన మనిషే. బాకీ తీర్చినవాడు ఎదురుగా ఉన్నా ఎవడో. ఈ ఆలోచన అతనికి సిగ్గుగానూ, కితకితలు పెట్టినట్టుగానూ అనిపించి, గోడ పట్టుకుని ఒక్కడే నవ్వాడు.

ఇంటికొచ్చి గుమస్తా చెప్పింది పైడమ్మకు చెప్పాడు. ఆమె బీరువాలోంచి సొమ్ము తెచ్చి అతని కుడిచేతిలో పెట్టింది. కుడిచెయ్యి చాచాడు. ఎడమచెయ్యి తొడ మీంచి లేవలేదు.

“పుచ్చుకోవయ్యా.”

“నావ మీదున్నోడిని అడక్కూడదు కదేటే. కట్టుబాటు.”

“నీ సేతిని నువ్వడగడానికి కట్టుబాటేటి?”

ఎల్లాజీ సొమ్ము తిరిగి ఆమెకిచ్చి, రేపు చూద్దాం అన్నాడు. పైడమ్మ దెబ్బలాడలేదు. అతని వైపు, అతను ఆనుకుని ఉన్న చెక్క వైపు చాలాసేపు చూసింది. పొద్దున్న అతను లేచేసరికి ఇంట్లో లేదు. అన్నట్టే అక్క ఇంటికి వెళ్లిందనుకున్నాడు.

కాసేపటికి నావ తెగిన చోటునుంచి ఆమె గొంతు వినిపించింది. పక్కింటివాళ్ల నావ ఎక్కి వెళ్లి ఆమె వెనక సగంలోకి దిగింది. ఒకటే నావ గనక అక్కడి మాట ఇక్కడ శుభ్రంగా వినబడుతుంది.

“ఏరా, మావా అని పిలిసినోడివి, అత్త బతికుందో సచ్చిందో సూడక్కర్లేదేటి?”

“అత్తా! నువ్వేటిలాగొచ్చీసినావు? కూకో, కూకో. టీ తాగుతావేటి?”

“టీ నీకొచ్చే పెళ్లానికి పొయ్యి. మా బాకీ ఎప్పుడిస్తావు?”

అవతల ఇంజను ఆగింది. నావ అమ్మింది ఎల్లాజీ గాని పైడమ్మ కాదు. ఆమె అడగవచ్చునో కూడదో కట్టుబాటు ఏమీ చెప్పలేదు.

“అడిగితే ఇయ్యనా అత్తా?” అన్నాడు కొర్లయ్య తెల్లబోయి. “డబ్బు మూట కట్టి ఎప్పుడో ఎట్టినాను. ఇన్నాల్లూ ఎవులూ అడగనేదు. మావైతే మరీను. గాలి గురించే మాటాడతాడు.”

“ఆడు అడగడు. మొత్తం తీసుకుని రా నాతో.”

గది ఊగడం తగ్గుతూ తగ్గుతూ వచ్చి పూర్తిగా ఆగిపోయింది. టీవీ పైన గోడకున్న పటం ఊగకుండా నిటారుగా నిలబడింది. ఎల్లాజీకి వాంతి వచ్చేలా అయింది. కిటికీ ఊచలు పట్టుకుని చూశాడు. వీధి చివర పైడమ్మ ముందు నడుస్తోంది. ఆమె వెనకే కొర్లయ్య, చేతిలో పళ్లెం, పళ్లెంలో తమలపాకుల మీద మూట. వెనక తడి కాళ్లతో నలుగురు మనుషులు. పైడమ్మ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో!

“మావా! మొత్తం తెచ్చీసినాను మావా!” అని కొర్లయ్య దూరంనుంచే కేకేశాడు.

ఆ వీధిలో తనలాగే నావ ముక్కలు ఉంచుకున్న చాలా ఇళ్ల తలుపులు పట్టపగలే మూసి ఉంటాయన్న సంగతి ఎల్లాజీ మొదటిసారి గమనించాడు. ఒక్కో తలుపు వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడినట్టుగా ఉంది. మోకాళ్ల నొప్పి కూడా తెలియకుండా నాలుగు అంగల్లో గుమ్మం దగ్గరికి వెళ్లాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, లోపలినుంచి గడియ పెట్టాడు.