పన్నెండు మాటలూ ఒక కుర్చీ

ముప్పై ఏళ్లుగా తాళాలు అమ్ముతున్నాను కానీ, మా ఆవిడ నోటికి సరిపోయే సైజు ఇంతవరకూ దొరకలేదు. దొరక్కపోవడమే లాభమని మొన్న మంగళవారం తేలింది.

కొత్తగా కట్టిన లాడ్జికి వంద తాళాలు కావాలని ఒకావిడ కబురు పెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. నాకు అదొక్కటే రాదు.

లెక్క వేశాను. తాళాన్ని వేలితో చూపించొచ్చు. తెరవడం, మూయడం చేసి చూపించొచ్చు. 'ఎప్పుడూ', 'అప్పుడప్పుడూ', 'ఎన్నటికీ కాదు' అనేవాటిని ఏ వేలితో చూపిస్తాం? భాషంతా టోకున కొనడం దండగ. క్రియావిశేషణాలు ఒక డజను చాలు!

పక్కింటి టీచరమ్మ చేత పన్నెండు ఇంగ్లీషు మాటలూ తెలుగు అక్షరాల్లో, అర్థాలతో సహా రాయించుకున్నాను.

"ఈ వయసులో ఇంగ్లీషేంటండీ? నాకొదిలేయండి, సైగలతో అమ్మేస్తా," అంది మా ఆవిడ.

"ఈ బేరం నేను కుదర్చకపోతే గల్లా దగ్గర కుర్చీ నీదే!"

"కుషను కూడానా?"

"కుషను కూడా!"

అది మా నాన్న కూర్చున్న కుర్చీ. ఆమెను ఒక్కపూటైనా కూర్చోనివ్వలేదు.

పాఠం అప్పజెప్పడానికి ఎదురుగా మనిషి కావాలి కదా. మాస్టారైతే జీతమడుగుతాడు. కాగితం ఆమె చేతికిచ్చి, రోజూ ఎక్కంలా వల్లించాను. "ఆల్వేస్, ఎప్పుడూ. సమ్‌టైమ్స్, అప్పుడప్పుడూ. నెవర్, ఎన్నటికీ కాదు..."

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తారు, ఆల్వేస్. ఆరేస్తారా? నెవర్."

"మధ్యలో మాట్లాడకు, వరస తప్పుతుంది!"

మంగళవారం లాడ్జి ఆవిడ, అదే మన వందతలుపులావిడ, వచ్చింది. సంచిలోంచి తుప్పుపట్టిన తాళం తీసి, మా తాళం వైపు చూపించి, ఇదీ ఇలాగే అవుతుందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

నాకు కావలసింది మూడో మాట. మొదటినుంచి అందుకుంటే తప్ప నాకు మూడోది రాదు.

"ఆల్వేస్..." అని ఊపిరి పీల్చుకున్నాను.

ఆవిడ సంచి మూసేసింది.

"సమ్‌టైమ్స్..." అంటూ వెంటపడ్డాను. ఆవిడ మెట్లు దిగిపోతోంది.

"నెవర్!" అని వెనకనుంచి కేక. మా ఆవిడ తాళాన్ని బకెట్ నీళ్లలో ముంచి, పైకి తీసి, టక్కున తెరిచింది. "లాక్, నెవర్!" తర్వాత నన్ను చూపించి, "హస్బెండ్, ఆల్వేస్!"

వందతలుపులావిడ పడీపడీ నవ్వింది. మెట్లెక్కి వచ్చి, "రియల్లీ?" అంది.

"రియల్లీ!" అంది మా ఆవిడ. నా కాగితంలో అది పన్నెండోది. నేనింకా నాలుగో మాట దగ్గరే ఉన్నాను.

వంద తాళాలకి వచ్చిన మనిషి నూటఇరవై చెప్పి వెళ్లింది.

"నేర్చుకున్నది నేను. నీకెలా వచ్చాయే?"

"మీరు దాచుకున్నారు. నేను మీ మీదే వాడుకున్నాను."

అరలో ఉన్నది సరుకు కాదు, చేతులు మారిందే సరుకని ఊరందరికీ చెప్పేది నేనే!

ఆమె కుషను సర్దుకుని కూర్చుంది. నేను కొనడానికి వచ్చినవాడిలా ఇవతల నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, ఆ కుర్చీకి అంత కళ నేనెన్నడూ చూడలేదు.

"టీ తెస్తారా?" అంది.

"క్విక్లీ!" అన్నాను.

అది ఏడోది. ముందున్న ఆరూ చదవకుండానే వచ్చేసింది.