ఆర్డిత్ అట్టపెట్టెలు పారేసిన మంగళవారం

ఆ మంగళవారం పొద్దున ఆర్డిత్ ప్రూయిట్ పెట్టుకున్న పని ఒక్కటే: గ్యారేజీలో పేరుకుపోయిన అట్టపెట్టెలన్నీ ఇంటి ముందు వీధిలో పడేయడం. అమెరికాలో ఫుట్‌బాల్ కోచ్‌ని చేసుకున్న ఆడది ఖాళీ అట్టపెట్టెని పారేయదు. దాన్ని మడిచి గోడకి ఆనించి, మొగుడి ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందా అని ఎదురుచూస్తుంది. "మంచి కప్పులు", "దుప్పట్లు" అని రాసున్న ఆ పెట్టెలు ఆమె వెంట ఎన్ని ఊళ్లు తిరిగాయో ఆమెకే లెక్కలేదు. ఎక్కడ పూలమొక్క నాటినా, అది పూసే వేళకి ఆ ఇంట్లోకి దిగిన వేరేవాళ్లే ఆ పూలు చూసుకునేవారు.

టొలీడోలో మాత్రం అద్దెకి కాదు, ఇల్లే కొన్నారు. పోయిన నెలలో ఆమె వాకిట్లో తులిప్ దుంపలు పాతింది. అవి వసంతంలో పూస్తాయి. పూసినప్పుడు కిటికీ దగ్గర కాఫీ తాగుతూ చూడాలి. ఆమెకి అంతకన్నా పెద్ద కోరికేం లేదు.

ఆమె మొగుడు లైల్ ప్రూయిట్ టొలీడో హెరాన్స్ జట్టుకి అఫెన్స్ కోచ్. బంతి తమవాళ్ల చేతికి వచ్చినప్పుడు ఏ ఎత్తు వేయాలో మైదానం పక్కన నిలబడి చెప్పేది ఆయనే. అవతలివాళ్లు పెదాల కదలిక చూసి పసిగడతారని ఎత్తులు రాసుకున్న అట్ట నోటికి అడ్డం పెట్టుకుంటాడు. అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో పాలు అడగాలన్నా చేతికందిన పళ్లెం నోటికి అడ్డం పెట్టుకునే అడుగుతాడు. ఆ ఏడు జట్టు ఎన్ని ఆటలు గెలిచిందో అన్నే ఓడింది. ఆయన్ని మెచ్చుకోవాలో తిట్టాలో తేలక ఊరికి ఊరే అవస్థ పడుతోంది.

ఆర్డిత్ పెట్టెలు వీధిలో పెట్టి లోపలికొచ్చేసరికి తలుపు చప్పుడైంది. ఎదురింటి బెవ్ జెలిన్‌స్కీ. చేతిలో చీజు, నూడుల్స్, చికెన్ కలిపి కాల్చిన గాజు పళ్లెం. ఆ వీధిలో ఆ పళ్లెం గడప దాటిందంటే లోపల ఎవరో పోయారని అర్థం. బెవ్ ఫ్రీజర్లో ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది.

"ఏ ఊరికే అమ్మాయ్?"

"ఏ ఊరూ లేదు బెవ్. పాత పెట్టెలు పారేస్తున్నా, అంతే."

"సరేలే, చెప్పకూడదంటే చెప్పకు. నా నోటి నుంచి మాత్రం బయటికి రాదు." ఆమె పెట్టెల వైపు జాలిగా చూసి, కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది.

బెవ్ మాట తప్పలేదు. ఫోన్ చేసింది ఆమె మొగుడు స్టాన్. టొలీడోలో పొద్దున లేచింది మొదలు జనం రేడియోకి ఫోన్లు చేసి జట్టు గురించి పోట్లాడుకుంటారు. "మా ఎదురింటి లైల్ వాకిట్లో పెట్టెలు దిగాయండోయ్," అన్నాడు స్టాన్. తర్వాత ఫోన్ చేసినాయన లైల్‌ని మిల్వాకీ జట్టు ఎగరేసుకుపోతోందన్నాడు. ఆ తర్వాతి ఆవిడ మిల్వాకీలో వాళ్లు చూసుకున్న ఇంటికి ఈతకొలను కూడా ఉందంది.

జట్టు యజమాని ఆర్విల్ స్ట్రిక్‌మేయర్‌కి ఊరబెట్టిన దోసకాయల వ్యాపారం. ఆ సమయంలో ఆయన పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. రేడియోలో ఈతకొలను సంగతి విన్నా ఏమీ అనలేకపోయాడు. కోపమంతా లోపలే ఊరింది. నోరు స్వాధీనంలోకి రాగానే ఆఫీసుకి ఫోన్ చేసి, "లైల్ మనవాడని మిల్వాకీవాళ్లకి తెలియాలి. ఆయన మీద మాకు పూర్తి నమ్మకం ఉందని ప్రకటించండి!" అని అరిచాడు.

పూర్తి నమ్మకం! యజమాని ఆ ముక్క అన్నాక వారం నిలిచిన కోచ్‌ని టొలీడోలో ఎవరూ చూడలేదు. కాసేపటికి ఆర్డిత్ వసారాలో నూడుల్స్ పళ్లేలు బారులు తీరాయి.

ఈ గొడవంతా పెట్టెల వల్లే కదా అని ఆమె గబగబా వాటిని లోపలికి మోసింది.

"పెట్టెలు లోపలికి పోతున్నాయి!" అన్నాడు స్టాన్ రేడియోలో. "సర్దడం మొదలెట్టేశారు!"

వంటింట్లో అది విన్న ఆర్డిత్ పళ్లు కొరికి, పెట్టెలన్నీ మళ్లీ వీధిలో విసిరికొట్టింది.

"సర్దేశారు! బయటికొస్తున్నాయి!"

అంతలో చెత్త కాగితాలు పట్టుకెళ్లే మునిసిపాలిటీ బండి వచ్చింది.

"లారీ వచ్చిందండోయ్! ఎక్కిస్తున్నారు!" స్టాన్ కిటికీ దగ్గర నిలబడి టోపీ తీశాడు. "వెళ్లిరా లైల్. ఎంత తిట్టుకున్నా మావాడివే."

లైల్ పొద్దున్నుంచీ కూర్చున్న ఆటల వీడియోల గదిలోకి ఫోన్లు రానివ్వరు. కాబట్టి ఊరంతా సాగనంపుతున్న మనిషికి మాత్రం ఏమీ తెలియదు. మధ్యాహ్నం బయటికొచ్చేసరికి గుమ్మంలో పట్టనంత ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి కావలించుకుని ముక్కులు చీదుతున్నారు. ప్రకటన సంగతి తెలియగానే లైల్ ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆర్డిత్, నా పని అయిపోయింది. పూర్తి నమ్మకం ఉందన్నాడట."

"కాదు లైల్, అదంతా నా అట్టపెట్టెల వల్ల..."

"పెట్టెలు తియ్యి, అదే మంచిది. ఆయన నన్ను తీసేదాకా ఆగను. నేనే పోయి ఉద్యోగం ఆయన మొహాన కొట్టి వస్తా." ఫోన్ పెట్టేశాడు.

ఆర్డిత్ తాళాలు అందుకుని కారు వైపు పరుగెత్తింది. ఆమె చేరేలోపే లైల్ యజమాని గదిలో నిలబడి ఉన్నాడు, నోటికి ఎత్తుల అట్ట అడ్డం పెట్టుకుని.

"నా ముందు కూడా నోరు దాస్తావా?" స్ట్రిక్‌మేయర్ లేచి నిలబడ్డాడు. "అంటే మిల్వాకీ నిజమేనన్నమాట!"

"ఏ మిల్వాకీ? మీరు నన్ను తీసెయ్యక్కర్లేదు సార్. నేనే పోతున్నా."

"నువ్వు పోవడమేమిటి? నేనే తీసేస్తున్నా!"

"నేనే ముందన్నా!"

"సరే, ఇద్దరం ఒకేసారి అన్నామని రాయిస్తా. పో!"

ఆర్డిత్ ఆయాసపడుతూ వచ్చి పెట్టెల కథంతా చెప్పింది. "అంత మంచి పెట్టెలు పారేస్తే నేనైనా అలాగే అనుకునేవాణ్నమ్మా," అన్నాడు ముసలాయన. కానీ కొత్త ప్రకటన అప్పటికే వెళ్లిపోయింది. జట్టు హెడ్ కోచ్ లైల్ కుర్చీలో తన అల్లుణ్ని కూర్చోబెట్టడం కూడా అయిపోయింది. "ఇరుపక్షాల అంగీకారంతో విడిపోయాం" అన్న ఆ ప్రకటనని ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. ఆ ముక్క నిజం కావడం బహుశా అదే మొదటిసారి.

ఇంటికొచ్చి లైల్ గ్యారేజీలోకి తొంగిచూశాడు. "పెట్టెలేవి?"

"బండివాళ్లు పట్టుకెళ్లారు."

"మరి సర్దేదెలా?"

"సర్దం," అంది ఆర్డిత్. ఒప్పందం ప్రకారం వచ్చే ఏడాది దాకా జీతం వస్తుంది. ఇల్లు తమది. దుంపలు మట్టిలో చల్లగా ఉన్నాయి. ఆమె ఆ రాత్రి బెవ్ నూడుల్స్ వేడిచేసుకుని, ఏళ్ల తరబడి లేనంత హాయిగా తింది.

మర్నాడు లైల్ ఆలస్యంగా లేచాడు. ఆ మర్నాడు వంటింటి గోడకి తెల్లబోర్డు తగిలించి, పొయ్యి నుంచి ఫ్రిజ్‌కి బాణం గుర్తులు గీశాడు. శుక్రవారం పొద్దున ఆమె పాన్‌కేకులు పోస్తుంటే పక్కన నిలబడి, నోటికి పళ్లెం అడ్డం పెట్టుకుని, "ఎడమ బర్నర్! గరిట! ఇప్పుడు తిప్పు!" అని కేకలేశాడు. సాయంత్రం ఆమెని సోఫాలో కూర్చోబెట్టి, పొద్దున తీసిన వీడియో టీవీలో నెమ్మదిగా తిప్పి చూపించాడు.

"ఇదిగో, ఇక్కడ చూడు. ఉప్పుడబ్బా వైపు తిరిగేటప్పుడు నీ కుడికాలు ఆలస్యమైంది. కంగారు పడకు. వసంతం వచ్చేసరికి సరిచేసేద్దాం. ఇప్పుడు బోలెడంత టైముంది."

ఆర్డిత్ తెర మీద తన కుడికాలు చూసింది. కిటికీలోంచి తులిప్ మడి చూసింది. కోటు తొడుక్కుని కిరాణా దుకాణానికి వెళ్లి, ఖాళీ అట్టపెట్టెలేమైనా ఉన్నాయా అని అడిగింది.