నాకా బంగళాలో తడి పడుగు

ఆ శ్రావణ సోమవారం పొద్దున సారంగపాణి అనుకున్న పని చిన్నదే. వరంగల్ కోట దారిలో, ఒకప్పుడు సుంకం వసూలు చేసిన పాత నాకా బంగళా తలుపులు తెరవాలి, ప్రదర్శనకు పెట్టిన రాగి నాణేలు తుడవాలి, పది గంటలకు కమిషనర్ గారికి దండ వేయాలి.

నిజాం కాలం నాటి ఆ బంగళాను మున్సిపాలిటీ 1978లో పాత వస్తువుల ప్రదర్శనశాల కోసం చరిత్ర సంఘానికి ఏడాది లీజుకిచ్చింది. సంఘానికి కార్యదర్శి సారంగపాణి. లోపల కాపురం గానీ, వృత్తిపని గానీ జరగకూడదని షరతు. ఇవాళ కమిషనర్ చేసే తనిఖీలో తప్పు దొరికితే లీజు రద్దవుతుంది, బంగళా కూల్చి దుకాణాల మడిగెలు కడతారు. ఆ మడిగెలు అతనికి కలలోకి కూడా వస్తున్నాయి.

తలుపులు తెరిచిపెట్టి, చౌరస్తాలో దండ కొనుక్కుని వచ్చి హాల్లో అడుగు పెట్టాడు. ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి చీరలు నేసే నిలువు పోగుల పడుగు, గంజి కారుతూ బిగించి ఉంది. పక్క వాడకట్టు రాములవ్వ, ఆమె కొడుకు సారయ్య కుంచెలతో దాన్ని దువ్వుతున్నారు.

"అవ్వా! ఏందిది?"

"వాన వడ్డది బిడ్డా. బజార్ల ఉంటె గంజంత కొట్టుకపోతది. తలుపు తెరిచుండె, తెచ్చినం."

"తియ్యి, నీ కాల్మొక్త! కమిషనర్ సాబ్ వస్తాండు!"

"ఆరకముందు తీస్తె పోగులన్నీ అంటుకపోతయి. నెల రోజులు మేమేం తినాలె?"

సారంగపాణీ నేతపని చేసే సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడే. ఆమె మాట నిజమని తెలుసు. ఇంతలో బయట జీపు ఆగింది. ఒక అట్టముక్క మీద 'పూర్వకాలపు నేత' అని గీకి పడుగు ముందు పెట్టేశాడు.

"జర బొమ్మల్లెక్క నిలవడుండ్రి. కండ్లు గూడ ఆర్పకుండ్రి!"

కమిషనర్ లోపలికి వచ్చి, కుంచె ఎత్తి బిగుసుకుపోయిన సారయ్యను మెచ్చుకోలుగా చూశాడు.

"బొమ్మలు బాగున్నాయే! ఎవరు చేశారు?"

"మా సంఘమే సార్."

"ఈ పడుగు ఎప్పటిది?"

"మూడు వందల ఏండ్లది సార్."

కమిషనర్ వేలితో తాకాడు. వేలు గంజిలో మునిగింది.

"మూడు వందల ఏళ్లయినా ఆరలేదా?"

"ఏలు వెట్టకు సారూ, పోగు తెగుతది!" అంది రాములవ్వ బొమ్మ.

కమిషనర్ ఎగిరి రెండడుగులు వెనక్కి పడ్డాడు. సారంగపాణి దండ పట్టుకునే ఉన్నదంతా చెప్పేశాడు. బంగళా చేజారిందనే అనుకున్నాడు.

కమిషనర్ సందర్శకుల పుస్తకం తిప్పాడు. ఏడాదిలో పదకొండు సంతకాలు, తొమ్మిది సారంగపాణివే. తలెత్తితే గుమ్మం నిండా జనం, బొమ్మ మాట్లాడిందని విని పరుగెత్తుకొచ్చినవాళ్లు.

"ఏడాదికి ఇవాళ నీ బంగళాలోకి మనుషులొచ్చారయ్యా," అన్నాడు. ఆ తర్వాత రాములవ్వ చేతిలోని కుంచె అడిగి తీసుకుని, ఆమె తిడుతూ నేర్పుతుంటే పావుగంట పడుగు దువ్వాడు. వెళ్లేముందు ఫైలు మీద రాశాడు: లీజు పదేళ్లకు పొడిగించాలి, పాత షరతు కొట్టేయాలి, హాలు బాధ్యత రాములవ్వది.

బంగళా దక్కినందుకు సారంగపాణి ఆనందం అంతా ఇంతా కాదు. మర్నాడే సంఘం సమావేశానికి హాలు కావాలని రాములవ్వకు దరఖాస్తు పెట్టుకున్నాడు.

అది ఇప్పటికీ పరిశీలనలో ఉంది.