నాలుగు పొట్లాల బీన్స్

ఆ శుక్రవారం పొద్దున రాడిసావ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు గుప్పెళ్ళు బీన్స్ కోసుకోవాలి, ఉడకేసుకుని తినాలి, డాన్యూబ్ నది ఒడ్డుకు పోయి గాలం వేయాలి. భార్య స్తామెంక శనివారం పదింటి బస్సుకు దిగుతుంది కాబట్టి స్వేచ్ఛకు అదే ఆఖరి రోజు. బుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్ళినవాడు అక్కడే కొయ్యబారిపోయాడు. నాలుగు వరుసలూ ఒక్కసారే విరగకాసి ఉన్నాయి.

కాయక ఏం చేస్తాయి పాపం! మే నెల మొదట్లో కూతురి పురిటికని నోవి సాద్ నగరానికి వెళుతూ స్తామెంక నాలుగు పొట్లాల విత్తనాలు ఆయన చేతిలో పెట్టింది. "ఇవి తీగ బీన్స్ కాదు, పొట్టివి. పందిరి అక్కర్లేదు గానీ, కాస్తే అన్నీ ఒకేసారి కాసి ఊరుకుంటాయి. అందుకని రెండు వారాలకొక పొట్లం చొప్పున వెయ్యి. సరిగ్గా చూసుకున్నావో, నీ నేస్తం ఒబ్రాద్ పడవ కొనుక్కో. నేను అడ్డు రాను," అంది. ఆ పాత పడవ కోసం నాలుగేళ్ళుగా భార్యను బతిమాలుతున్న మనిషి ఆయన. తీరా విత్తే రోజున చేపలు తెగ పడుతున్నాయని కబురొచ్చింది. నాలుగు పొట్లాలూ ఒక్క పూటలో మట్టిలో కలిపేసి నదికి పరుగెత్తాడు.

ఆ తర్వాత ఫోన్లో రోజూ అబద్ధాలే. "మూడో పొట్లం వేశావా?" అంటే "నిన్ననే వేశాను" అన్నాడు. "నాలుగోది?" అంటే "ఇప్పుడే తలెత్తింది, ముద్దొస్తోంది" అన్నాడు. ఇప్పుడీ కాపు స్తామెంక కంట పడితే అబద్ధాలన్నీ బయటపడతాయి, పడవ చేజారిపోతుంది. ఆలోచించగా ఒకటే దారి కనిపించింది. అన్నీ కోసేయాలి, ఊళ్ళో పంచేయాలి, మూడు వరుసలు పీకి పారేసి వేరుపురుగు కొట్టేసిందని చెప్పాలి.

కోత ముగిసేసరికి నడుము పట్టేసింది, ఎండకు కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ దించి, కాయలు నింపి, మొదట పక్కింటి జివాన తలుపు తట్టాడు.

జివాన తలుపు తీసి చూసింది. ఎర్రబడ్డ కళ్ళు, రెండు నెలల గడ్డం, గుమ్మంలో చాచిన గిన్నె. ఇంట్లో మనిషి పోతే ఆ ఊళ్ళో మగవాళ్ళు గడ్డం గీసుకోరు. పోయినవాళ్ళ ఆత్మకోసం ఇరుగుపొరుగు గుమ్మాలకు తిండి పట్టుకెళతారు. రాడిసావ్‌కు ఆ రెండు సంగతులూ తెలుసు గానీ, ఆ పూట బుర్రలో పడవ తప్ప మరేదీ లేదు.

"ఏంటన్నయ్యా ఇది?"

"తీసుకో జివానా, కాదనకు. ఇవన్నీ ఇంట్లో పెట్టుకుని నేనొక్కణ్ణీ ఏం చేసుకోను?"

జివానకు ఇన్నాళ్ళూ బద్ధకమనుకున్న గడ్డానికి అర్థం ఇప్పుడు తెలిసింది. "ధైర్యంగా ఉండన్నయ్యా. దేవుడున్నాడు," అంది.

"ఉంటే నాకీ గతి పట్టనిస్తాడా!" అని నడుము పట్టుకుని మూలుగుతూ ఆయన పక్క గుమ్మానికి నడిచాడు.

జివాన కళ్ళొత్తుకుని ఫోన్ అందుకుంది. రాడిసావ్ ఏడో ఇంటికి చేరేసరికి కబురు ఆయన కంటే ముందే చేరిపోయింది. అక్కడ ఆయన నోరు విప్పకుండానే గిన్నె రెండు చేతులా అందుకుని శిలువ గుర్తు వేసుకున్నారు. ఎంత మర్యాదస్తుల ఊరో అని ఆయన తెగ మురిసిపోయాడు. సాయంత్రం మూడు వరుసలూ పీకేసి హాయిగా నిద్రపోయాడు.

శనివారం పొద్దున గేటు దగ్గర అలికిడైతే బయటికొచ్చాడు. సగం ఊరు నల్లబట్టల్లో నిలబడి ఉంది. ఆ ఊళ్ళో ఏ గిన్నే ఖాళీగా తిరిగి రాదు. ఒకదాంట్లో జున్ను, ఒకదాంట్లో కూరిన మిరపకాయలు, ఇంకోదాంట్లో చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు. జివాన పదకొండేళ్ళ కిందట స్తామెంక దగ్గర అరువు తీసుకున్న రొట్టెల పళ్ళెం కూడా తెచ్చి పెట్టేసింది. ఒబ్రాద్ టోపీ తీసి, పడవ గొలుసు తాళంచెవి రాడిసావ్ అరచేతిలో ఉంచాడు.

"తీసుకోరా. ఊరికే ఇస్తున్నా. నీళ్ళ మీద తిరిగితే మనసు కాస్త తేలికపడుతుంది."

"ఉన్నట్టుండి ఎందుకురా నామీద ఇంత ప్రేమ?"

"స్తామెంక లాంటి ఇల్లాలు మళ్ళీ పుడుతుందా? ఎప్పుడు పోయిందిరా?"

అప్పుడు వెలిగింది ఆయనకు. నోరు తెరిచాడు. చేతిలో తాళంచెవి చూసుకున్నాడు. నోరు మూసుకున్నాడు. సిగ్గుచేటే గానీ, ఒక అరనిమిషం పాటు ఆయన పెళ్ళాం పోయినవాడిగానే ఉండిపోయాడు.

ఇంతలో పదింటి బస్సు వచ్చి గేటు ఎదురుగా ఆగింది. స్తామెంక దిగి జనాన్ని చూసి హడలిపోయింది. "అయ్యయ్యో, ఎవరు పోయారు?"

జివాన ఒక్క కేక పెట్టి ఆమె మెడ చుట్టూ చేతులు వేసేసింది. "నువ్వే పోయావు వదినా!"

పది నిమిషాల్లో కథంతా బయటపడింది. ఒబ్రాద్ తాళంచెవి వెనక్కి లాక్కున్నాడు. తన కోసం ఏడ్చిన ముఖాలనూ, పదకొండేళ్ళకు ఇల్లు చేరిన పళ్ళేన్నీ చూసి స్తామెంక కాస్త కరిగింది. అంతలో డ్రైవరు రెండు పెద్ద పెట్టెలు దించాడు.

"ఏంటే ఇవి?" అన్నాడు రాడిసావ్ బెరుగ్గా.

"ఖాళీ సీసాలు. అరవై. ముప్పై అయిదేళ్ళ కాపురం చేశాను, నాలుగు పొట్లాలూ ఒక్కరోజే వేస్తావని నాకు తెలీదూ? రెండు వారాలకొకటి వెయ్యమంటేనే గదా నువ్వన్నీ ఒకేసారి వేసేది! పంట చేతికొచ్చే రోజు చూసుకునే బస్సెక్కాను. చలికాలానికి కాయలు నిల్వపెట్టి, సీసాలన్నీ ఒక్కసారే నింపేసి, పడవ తెచ్చుకోమని చెబుదామనుకున్నా. ఏవీ కాయలు?"

రాడిసావ్ ఆశగా జనం వైపు తిరిగాడు. అందరూ నేలచూపులు చూశారు.

"రాత్రే వండేశాం వదినా," అంది జివాన నసుగుతూ. "పోయినవాళ్ళ పేర ఇచ్చిన తిండి మర్నాటికి ఉంచకూడదు గదా."

మధ్యాహ్నానికల్లా రాడిసావ్ పీకేసిన మూడు వరుసల్లో మళ్ళీ విత్తనాలు వేస్తున్నాడు. గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్న స్తామెంక ఒక్కో గింజా చూసి మరీ వేయిస్తోంది.

ఆవిడ ఆత్మశాంతి కోసం ఊరంతా కడుపునిండా తింది గానీ, ఆ ఇంట్లో శాంతి మాత్రం సెప్టెంబరు కాపు దాకా రాలేదు.