చింతపండుతో తోమిన రివాల్వర్

శనివారం ఉదయం సత్యానందం వేసుకున్న ప్లాను చిన్నదే. తొమ్మిదింటికి రివాల్వర్ శుభ్రం చేయాలి, పన్నెండింటికి ఇంట్లో ప్రార్థన కూడిక, మూడింటికి గన్ క్లబ్‌లో పోటీ. పాతకాలపు పద్ధతి తుపాకుల్లో ఏది చక్కగా ఉందో చూసి, గెలిచినవాడి ఫొటో క్లబ్ గోడకు తగిలిస్తారు. మిల్టన్‌లో టౌన్‌హౌస్, టొరంటోలో ఉద్యోగం, చర్చిలో ముందు వరుస కుర్చీ, అన్నీ ఉన్నా ఆ గోడ మీద ఫొటో లేదన్న దిగులు మూడేళ్లుగా అతన్ని తినేస్తోంది.

రివాల్వర్ నూటయాభై ఏళ్ల కిందటి మోడల్‌కి నకలు. చక్రంలో ఉన్న ఆరు గదుల్లో మందు పోసి, సీసపు గుండ్లు కూరి కాల్చాలి. అతను కాల్చేది ఏడాదికి నాలుగుసార్లు, దాని గురించి మాట్లాడేది వారానికి నాలుగుసార్లు. కాల్చిన రోజే వేడి సబ్బునీళ్లతో లోపలి గంధకపు మసి కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలని క్లబ్‌లో చేరిన మొదటిరోజే చెప్పారు. సత్యానందం గురువారం కాల్చాడు. శుక్రవారమంతా దాన్ని పట్టుకుని సెల్ఫీలు తీసుకోవడంతో సరిపోయింది.

దాన్ని బేస్‌మెంట్ దాటించకూడదని భార్య రూపవతి ఆజ్ఞ. ఆమె ఆస్పత్రిలో నర్సు. ఆమె మాటంటే వార్డులో డాక్టర్లకే హడల్. కానీ ఆ పూట ఆమె సరుకులకు వెళ్లింది. అతను రివాల్వర్‌ని దర్జాగా వంటింట్లోకి తెచ్చి విడదీశాడు. చెక్క పిడి తీసి పక్కన పెట్టాడు. ఆ రోజంతటిలో అతను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇత్తడి కట్టు మాసిపోయి ఉంది. ఇత్తడి కనిపించగానే మనవాళ్ల చెయ్యి దేనికోసం వెతుకుతుందో వేరే చెప్పాలా? చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి తోమాడు. ఇత్తడి ధగధగలాడింది. అక్కడితో ఆగితే సత్యానందం ఎలా అవుతాడు? నీలినలుపు రంగు ఉక్కు గొట్టానికీ, చక్రానికీ అదే గుజ్జు దట్టంగా పట్టించి పావుగంట నాననిచ్చాడు. లోపలి మసి జోలికి మాత్రం పోలేదు, లోపల ఎవరు చూడొచ్చారని. కడిగేసరికి నీలినలుపు పూత చింతపండుతోపాటు సింకులోకి పోయింది. చేతిలో మిగిలినది పాత అట్లకాడలా ఉంది.

అంతలో బయట రూపవతి కారు ఆగిన చప్పుడైంది. గబగబా కొబ్బరినూనె పులిమి, ముక్కలన్నీ ఓవెన్‌లో, ఇడ్లీ ప్లేట్లకీ బూరెల మూకుడికీ మధ్య పెట్టాడు. ఆ ఓవెన్‌లో ఎన్నడూ ఏదీ వండలేదు. అది ఆ ఇంటి గిన్నెల బీరువా. రెండొందల డిగ్రీల్లో గంట ఆరబెట్టమని నెట్‌లో ఉంది. నాలుగొందల్లో అయితే అరగంట చాలని లెక్క కట్టి, ఓవెన్ వెలిగించి, తన తెలివికి తానే మురిసిపోతూ స్నానానికి వెళ్లాడు.

పాస్టర్ షాలేమ్ గారు ముందే వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "అమ్మా, కుళ్లిన కోడిగుడ్ల వాసన... గ్యాస్ లీకవుతోందేమో!"

రూపవతి ముందు కూతురు అబిగేల్‌ని బయటికి పంపి, 911కి ఫోన్ చేసి, అటూ ఇటూ రెండిళ్ల తలుపులూ కొట్టింది. ఏప్రిల్ చలిలో జనం చెప్పుల్లేకుండా రోడ్డెక్కారు. సత్యానందం తువ్వాలుతో దిగొచ్చాడు. ఒక్క మాట చెబితే అందరూ ఇళ్లలోకి పోయేవారు. చెబితే రివాల్వర్ పోతుంది. చేతి తుపాకుల అమ్మకం ఆపేసిన దేశంలో అది పోతే మరొకటి రాదు. అందుకని వీధివీధంతా వణికినా ఫరవాలేదనుకున్నాడు.

"వాసన వంటింట్లోంచేనా అండీ?" అంది రూపవతి.

"నాకేం రావట్లేదే! నీకు జలుబేమో."

"జలుబు చేస్తే వాసన తెలీదండీ. నాకు తెలుస్తోందిగా!"

అగ్నిమాపక సిబ్బంది పొగలు కక్కుతున్న ఓవెన్ తెరిచి, కంపు గ్యాస్‌ది కాదు, తుపాకీలో మాడుతున్న గంధకపు మసిదని తేల్చి, వెంటనే పోలీసుల్ని పిలిచారు. పోలీసు లైసెన్సు చూసి, అందులో మందు లేదని తేల్చుకుని, ఇరవై నిమిషాలు క్లాసు పీకాడు.

"వంటింట్లో తుపాకీ ఏంటండీ, సత్యానందం గారూ!" అన్నారు పాస్టర్ గారు.

"ఆరబెట్టానండి."

"డాడ్, యూ బేక్డ్ ఎ గన్," అంది అబిగేల్.

రూపవతి అరవలేదు. "ఇవాళ పోటీకి వెళ్లండి. మీ ఫొటో గోడెక్కితే అది ఇంట్లో ఉంటుంది. లేకపోతే సోమవారం పోలీసులకి ఇచ్చేసి వస్తా," అంది.

క్లబ్ పెద్దాయన గొట్టంలోకి టార్చి వేసి చూసి, మిగతా సభ్యుల్ని కేకేశాడు. అందరూ మూగారు. "ఇలా అవడానికి ఎన్నేళ్లు పట్టింది?" అని అడిగాడు. "ఒక్క పూటేనండి!" అన్నాడు సత్యానందం, ఇంగ్లీషులో, ఛాతీ విరిచి. వాళ్లు తుపాకీని నాలుగువైపుల నుంచీ, దాన్ని పట్టుకున్న అతన్ని ఎదురుగానూ ఫొటోలు తీశారు. బహుమతి ఎవరికిచ్చారో కూడా చూడకుండా అతను ఇంటికి ఫోన్ చేసి, గెలిచానన్నాడు.

మరుసటి శనివారం భార్యాకూతుళ్లను వెంటబెట్టుకుని వెళ్లాడు. హాల్లో వేరెవరిదో ఫొటో ఉంది. అతనిది కొత్త సభ్యులకు పాఠం చెప్పే గదిలో, నిలువెత్తున, "ఇలా చేయకండి" అన్న ఎర్రక్షరాల కింద ఉంది.

ఏ గోడో షరతులో లేదని సత్యానందం వాదించాడు.